పెద్దవాళ్లు టెన్నిస్ ఎందుకు ఆడతారు: నెల్లూరు, ఒంగోలు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా భుజానికి టెన్నిస్ బ్యాట్ తగిలించుకుని స్కూటర్ ఎక్కితే చాలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నుంచి ఆఫీసులో పక్క సీటాయన దాకా అందరివీ అవే ప్రశ్నలు. ఈ వయసులో ఎందుకు, ఎంతవుతుంది, మోకాళ్లు పోవా, ఇంట్లో ఏమీ అనరా. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. మీరు దేనికోసం ఆడాలనుకుంటున్నారో మాత్రం చదివేటప్పుడు మనసులో పెట్టుకోండి, ఎందుకంటే ఏ బ్యాట్ కొనాలి అన్నది కూడా చివరికి దాని మీదే ఆధారపడుతుంది.

## ఇంకా మొదలుపెట్టని వాళ్లకి

నలభై దాటాక టెన్నిస్ ఏందబ్బా, అది పిల్లకాయలప్పుడు నేర్చుకోవాల్సిన ఆట కదా?

పోటీల్లో పేరు తెచ్చుకోవాలంటే అవును, ఆరేడేళ్ల వయసులోనే మొదలుపెట్టాలి. సాయంత్రం గంటసేపు ఆడుకోవడానికి ఆ లెక్క వర్తించదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే మాస్టర్స్ పోటీల్లో 30 ఏళ్ల విభాగంతో మొదలై 90 ఏళ్లవాళ్ల విభాగం దాకా ఉన్నాయి. మన రోహన్ బోపన్న 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి, అదే నెలలో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యేటప్పటికి 43 ఏళ్లు. ఆయనతో మనకు పోలిక లేదనుకోండి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆడుతున్న మనిషి. కానీ డబుల్స్‌లో కాళ్ల వేగం కన్నా ఎక్కడ నిలబడాలో తెలియడం ఎక్కువ పనికొస్తుందన్నది మన స్థాయిలో కూడా నిజమే. మా దగ్గర అరవై దాటిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు, పరిగెత్తడం అన్నదే ఉండదు, పాతికేళ్ల కుర్రాడిని అటూ ఇటూ తిప్పి తిప్పి చంపుతారు.

అసలు పెద్దోళ్లు దీనికి ఎందుకొస్తారు? నిజం చెప్పండి.

పైకి చెప్పేది ఆరోగ్యం. షుగర్ రిపోర్టులో అంకె పెరిగిందనో, డాక్టరు పొట్ట చూసి ఏదో అన్నాడనో, మెట్లెక్కితే ఆయాసం వస్తోందనో వస్తారు. అది అబద్ధం కాదు. కానీ ఆరోగ్యం కోసమే వచ్చినవాళ్లు రిపోర్టు బాగుపడగానే మానేస్తారు, బాగుపడకపోయినా మానేస్తారు. ఏళ్ల తరబడి వచ్చేవాళ్లను కదిపితే వేరే సంగతులు బయటపడతాయి.

మొదటిది, బుర్ర ఖాళీ అవడం. రొయ్యల చెరువులున్న ఆయన ఒకాయన చెప్పేవాడు, కౌంటు, రేటు, రాత్రి కరెంటు పోతే ఏరేటర్ల గతి, ఇవన్నీ ఇరవై నాలుగు గంటలూ తలలో తిరుగుతూనే ఉంటాయట, కోర్టులో ఉన్న గంట మాత్రం ఒక్కటీ గుర్తురాదట. అందులో మాయేమీ లేదు. అవతలివాడు కొట్టిన బంతి మీ దగ్గరికి రావడానికి ఒకటి రెండు సెకన్లే పడుతుంది. ఆ లోపు అది ఎటొస్తుందో చూడాలి, కదలాలి, బ్యాట్ వెనక్కి తీయాలి, ఎక్కడ కొట్టాలో అనుకోవాలి. చెరువు గురించి ఆలోచించే సందు ఎక్కడుంది? నడకలో ఆ సందు కావలసినంత ఉంటుంది, అందుకే చాలామంది నడుస్తూ ఇంకా ఎక్కువ టెన్షన్ పడతారు.

రెండోది, కొత్తగా ఏదైనా నేర్చుకోవడం. ఉద్యోగంలో పదిహేనేళ్లు దాటాక మనకు ఎవరూ ఏమీ నేర్పరు, అడిగితే నామోషీ కూడా. కోర్టులో పోయిన నెల నెట్‌కి తగిలిన బ్యాక్‌హ్యాండ్ (చేతి వెనక వైపుతో కొట్టే దెబ్బ) ఈ నెల అవతల పడుతుంది, అది మీకూ తెలుస్తుంది, ఎదుటివాడికీ తెలుస్తుంది.

మూడోది మనుషులు. డబుల్స్‌కి నలుగురు కావాలి. మీరు రాకపోతే మిగతా ముగ్గురి ఆట చెడుతుంది, ఆరు గంటలకు ఫోను మోగుతుంది, "అన్నా, బయల్దేరావా?" అని. ఈ ఒక్క ఫోనుకి ఉన్న బలం ఏ డాక్టరు మాటకీ లేదని నా అభిప్రాయం.

ఇంకా ఉన్నాయి, ఎవరూ ఒప్పుకోనివి. గెలవడంలో మజా ఉంటుంది. ఆఫీసర్లతో, డాక్టర్లతో, లాయర్లతో పరిచయం పెరుగుతుందన్న ఆశ ఉంటుంది. టెన్నిస్ ఆడతానని చెప్పుకోవడంలో కాస్త గొప్ప కూడా ఉంటుంది. వీటిలో తప్పేమీ లేదు, కాకపోతే పరిచయాల కోసం మాత్రమే వచ్చినవాడిని రెండు వారాల్లో అందరూ పసిగడతారు. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి ఒక పనిని తనంతట తాను కొనసాగించాలంటే మూడు కావాలన్నారు: అది తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేయగలుగుతున్నానన్న నమ్మకం, తోటివాళ్లతో బంధం. బలవంతాన లాక్కొచ్చిన బావమరిది ఎందుకు నిలవడో, ఫోను చేసి పిలిచే నలుగురున్న మనిషి ఎందుకు నిలుస్తాడో ఈ మూడింటితో అర్థమవుతుంది.

రోజూ వాకింగ్ చేస్తున్నా కదా, అది చాలదా?

ఆరోగ్యానికి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. రోజూ అరగంట చురుగ్గా నడిస్తే ఆ లెక్క తీరిపోతుంది. ఖర్చయ్యే కేలరీల్లో తేడా ఉంటుంది: 70 కిలోల మనిషి గంట నడిస్తే సుమారు 250, డబుల్స్ ఆడితే 300 నుంచి 400 దాకా, సింగిల్స్ అయితే 550 చిల్లర. కానీ లెక్కలు చూసి ఆట ఎంచుకోకండి. నడక మీకు నచ్చుతుంటే నడవండి, విసుగొస్తుంటే అప్పుడు ఇటు చూడండి.

టెన్నిస్ ఆడితే ఆయుష్షు పెరుగుతుందంట, వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?

ఆ మెసేజ్ వెనక నిజంగానే ఒక అధ్యయనం ఉంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ఎనిమిదిన్నర వేల మందిని సుమారు పాతికేళ్లు గమనించి 2018లో ప్రచురించారు. కదలకుండా కూర్చునేవాళ్లతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్లు 9.7 ఏళ్లు ఎక్కువ బతికినట్టు తేలింది. బ్యాడ్మింటన్‌కి 6.2, ఫుట్‌బాల్‌కి 4.7, ఈతకి 3.4, జాగింగ్‌కి 3.2.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అది గమనించి రాసిన లెక్కే గానీ, కొందరితో ఆడించి కొందరితో మాన్పించి చేసిన పరీక్ష కాదు. టెన్నిస్ ఆడే మనిషికి మామూలుగా డబ్బు, తీరిక, మంచి తిండి, మంచి వైద్యం కూడా ఉంటాయి. అవన్నీ లెక్కలోంచి పూర్తిగా తీసేయడం కష్టం. ఆ పరిశోధకులు ఇంకో మాట కూడా అన్నారు, ఎక్కువ లాభం కనపడిన ఆటలన్నీ నలుగురితో కలిసి ఆడేవి అని. నాకు తొమ్మిదేళ్ల కన్నా ఆ మాటే ఎక్కువ నమ్మబుద్ధి అయింది.

ఇది డబ్బున్నోళ్ల ఆట కదా, మొత్తం ఎంతవుద్ది?

క్రికెట్ కన్నా ఖరీదే, కానీ అనుకున్నంత కాదు. ముందు బూట్లు కొనండి, బ్యాట్ తర్వాత. రన్నింగ్ బూట్ల అడుగు మెత్తగా, ఎత్తుగా ఉంటుంది, అవి ముందుకు పరిగెత్తడానికి చేసినవి. టెన్నిస్‌లో సగం కదలిక పక్కలకే, చీలమండ మడతపడేది అక్కడే. టెన్నిస్ బూట్లు మూడు నాలుగు వేలకు మంచివే వస్తాయి.

బ్యాట్‌కి మొదట్లో రెండు మూడు వేల అల్యూమినియంది చాలు. ఆడతారని మీకే నమ్మకం కుదిరాక గ్రాఫైట్‌కి వెళ్లండి, అది ఎనిమిది వేల నుంచి పైకి. బరువు 260 నుంచి 285 గ్రాముల మధ్య, తల, అంటే తీగలు అల్లిన గుండ్రటి భాగం, పెద్దది తీసుకోండి. టీవీలో ఆటగాడి చేతిలో ఉన్నది కావాలని పట్టుబట్టకండి, మూడొందల గ్రాములు దాటిన బ్యాట్ వారానికి మూడు రోజులు ఆడే చేతికి శిక్షే.

బంతులు మూడింటి డబ్బా నాలుగైదు వందలు, నలుగురు పంచుకుంటే పెద్ద భారం కాదు. గట్స్, అంటే బ్యాట్ తీగలు, తెగితే మళ్లీ వేయించడానికి కొన్ని వందలు. కోర్టు ఫీజు మాత్రం చోటుని బట్టి మారిపోతుంది, ప్రభుత్వ స్టేడియం ఒకలా, క్లబ్బు సభ్యత్వం ఇంకోలా. క్లబ్బులో చేరే ముందు నెల ఫీజుతో ఆడనిస్తారేమో అడగండి, చాలాచోట్ల బోర్డు మీద రాయరు గానీ అడిగితే ఒప్పుకుంటారు.

షటిల్ ఆడుతున్నా, మళ్లీ ఇదెందుకు?

షటిల్ మీకు సరిపోతుంటే ఎందుకూ అక్కర్లేదు. తేడా ఏమిటంటే షటిల్ మణికట్టు ఆట, టెన్నిస్‌లో మణికట్టు గట్టిగా పెట్టి భుజం, నడుము తిప్పాలి. అందుకే షటిల్ నుంచి వచ్చినవాళ్లు నెట్ దగ్గర మెరుపుల్లా ఉంటారు, వెనక నుంచి కొట్టమంటే బంతి గోడ దాటిపోతుంది. ఆరుబయట, ఆకాశం కింద ఆడటం ఇష్టమైనవాళ్లు ఇటు వస్తారు, గాలి గొడవ వద్దనుకునేవాళ్లు ఇండోర్ షటిల్‌లో ఉండిపోతారు. మోకాళ్లు ఇబ్బంది పెడుతుంటే ఈమధ్య వచ్చిన పికిల్‌బాల్ (చెక్క బ్యాట్ లాంటి దానితో, ప్లాస్టిక్ బంతితో ఆడేది) కూడా చూడొచ్చు, దాని కోర్టు షటిల్ కోర్టంతే ఉంటుంది.

బీపీ, షుగర్ ఉన్నాయి, ఆడొచ్చా?

చాలామంది ఆడుతున్నారు, కానీ మొదలుపెట్టే ముందు మీ డాక్టరుని అడగండి. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం ఉంటే అది తేలేదాకా కోర్టులోకి దిగొద్దు. టెన్నిస్‌లో శ్రమ ఒకే తీరుగా ఉండదు, నిలబడి నిలబడి ఒక్కసారిగా ఉరకాలి, గుండెకు ఆ ఒక్కసారే పరీక్ష.

షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆట మధ్యలో గానీ, అయిపోయిన కొన్ని గంటలకు గానీ షుగర్ పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమటలు, మాట తడబడటం కనపడితే ఆట ఆపి వెంటనే గ్లూకోజ్ నీళ్లో, చక్కెరో తీసుకోవాలి. బ్యాగ్‌లో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంచుకోండి, దానికన్నా ముఖ్యం మీకు షుగర్ ఉందని మీతో ఆడే ముగ్గురికీ చెప్పండి. సిగ్గుపడి దాచిపెడితే, చెమటలు పట్టినప్పుడు వాళ్లు ఎండ అనుకుంటారు.

మేం ఆడవాళ్లం, మన ఊళ్లలో కుదురుతుందా?

కుదురుతుంది, అంత తేలికేం కాదు. ఆట కష్టమై కాదు, సమయం దొరక్క. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, అంటే కోర్టు చల్లగా ఉండే వేళంతా, క్యారేజీలు, స్కూలు వ్యాను, వంటిల్లు. అందుకే ఆడవాళ్ల బ్యాచ్‌లు చాలాచోట్ల పిల్లల కోచింగ్ పక్కన పుడతాయి. పిల్లను దింపి గంటసేపు బెంచీ మీద కూర్చునే అమ్మలు నలుగురు ఉంటే పక్క కోర్టు అడగొచ్చు. ఒక్కరే వెళ్లి అడిగితే "చూద్దామమ్మా" అంటారు, నలుగురు కలిసి అడిగితే టైము ఇస్తారు.

బట్టల గురించి టెన్షన్ వద్దు, ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్టు చాలు. పిల్లలు పుట్టాక ఒళ్లు సహకరించదనుకునేవాళ్లకు మన హైదరాబాదీ సానియా మీర్జా సంగతి చెబుతుంటాను, 2018లో కొడుకు పుట్టాడు, 2020 జనవరిలో తిరిగొచ్చి ఆడిన మొదటి టోర్నీలోనే హోబార్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది.

## మొదలుపెట్టిన కొత్తలో

బంతి నెట్ దాటట్లేదు, దాటితే గోడకు పోతోంది. ఎన్నాళ్లిలా?

వారానికి మూడు రోజులు వస్తే రెండు మూడు నెలలు. అది ఓర్చుకోలేక మానేసేవాళ్లే ఎక్కువ, కాబట్టి ఆ కాలాన్ని తగ్గించుకునే దారి చెబుతాను. మొత్తం కోర్టు పొడవు 23.77 మీటర్లు, కొత్తవాడు అంత దూరం నుంచి కొట్టాల్సిన పనే లేదు. ఇద్దరూ నెట్‌కి దగ్గరగా, దానికి అటూ ఇటూ అడ్డంగా ఉండే సర్వీస్ గీతల లోపల నిలబడి మెల్లగా తోసుకుంటూ ఆడండి. దానికి తోడు పచ్చ చుక్క ఉన్న బంతులు తెప్పించండి, మామూలు బంతి కన్నా పాతిక శాతం నెమ్మది. నారింజ రంగువి యాభై శాతం నెమ్మది. ఇవి పిల్లల బంతులని పెద్దవాళ్లు ముట్టుకోరు, అక్కడే వస్తుంది చిక్కు. వరసగా పది బంతులు ఇద్దరి మధ్య తిరిగితే మర్నాడు మళ్లీ రావాలనిపిస్తుంది, రోజంతా బంతులు ఏరుకుంటే అనిపించదు.

కోచ్ కావాలా, మార్కర్ చాలా?

మార్కర్ అంటే క్లబ్బులో సభ్యులతో ఆడించే మనిషి. బంతి మీ బ్యాట్ మీదకే వేస్తాడు, మీరు కొట్టిన చెత్త బంతిని కూడా తిప్పి పంపుతాడు, ఒళ్లు వంచి ఆడినట్టు ఉంటుంది. చెమట పట్టడం, బుర్ర ఖాళీ అవడం కావాలంటే ఆయన చాలు. ఆట మెరుగుపడాలంటే మొదటి రెండు నెలలైనా కోచ్ కావాలి, ముఖ్యంగా పట్టు, సర్వీసు (పాయింటు మొదలుపెట్టే దెబ్బ) కోసం. తప్పు పట్టు ఒకసారి చేతికి అలవాటైతే వదిలించడం మహా కష్టం.

నాతో ఎవరూ ఆడట్లేదు, కొత్తవాడినని పక్కన పెడుతున్నారు. ఏం చేయాలి?

ఇది అందరికీ జరిగేదే, బాధాకరమైనదే. ఆరున్నరకు నలుగురు పాతవాళ్లు కోర్టు ఎక్కుతారు, మీరు బెంచీ మీద కూర్చుని గ్రిప్ సర్దుకుంటూ ఉంటారు, ఒక సెట్ అయ్యాక పిలుస్తారేమో అనుకుంటే "ఇంకో సెట్" అంటారు. వాళ్లను తిట్టుకోకండి. పగలంతా పనిచేసి వచ్చిన మనిషికి దొరికేది ఆ ఒక్క గంట, బంతి అటూ ఇటూ తిరగని ఆటలో అది పోగొట్టుకోవడం ఇష్టం ఉండదు.

దీనికి పనికొచ్చినవి రెండు మూడే చూశాను. అందరికన్నా ముందు వెళ్లడం ఒకటి. ఐదున్నరకు కోర్టు ఖాళీగా ఉంటుంది, ముందొచ్చిన ఇంకొకడు కూడా ఉంటాడు, వాడికీ వార్మప్ కావాలి. రెండోది, కొత్తవాళ్లు నలుగురూ కలవడం. మీలాంటివాళ్లు ఉదయం బ్యాచ్‌లో ఇద్దరు, సాయంత్రం బ్యాచ్‌లో ఒకరు ఉంటారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కోర్టు చూసుకునే అతన్ని అడిగితే అందరి నంబర్లూ ఆయన దగ్గరుంటాయి. మూడోది, కొత్త బంతుల డబ్బా పట్టుకుని వెళ్లడం. నవ్వకండి, కొత్త బంతులు తెచ్చినవాడిని కాదనేవాళ్లు తక్కువ.

ఆడే అవకాశం వచ్చినప్పుడు గట్టిగా కొట్టి మెప్పించాలని చూడొద్దు. బంతిని ఎలాగోలా లోపల పడేసేవాడితో ఆడటానికి ఎవరైనా సిద్ధమే.

పదిహేను, ముప్పై, నలభై... ఈ స్కోరేంది సామీ?

నాలుగు పాయింట్లు గెలిస్తే గేమ్, వాటికి పేర్లు 15, 30, 40, గేమ్. సున్నాను లవ్ అంటారు. ఇద్దరూ 40 అయితే డ్యూస్, అక్కడి నుంచి వరసగా రెండు గెలవాలి. ఆరు గేములు, రెండు తేడాతో గెలిస్తే సెట్. ఆరారు అయితే సెట్ తేల్చే చివరి గేమ్, దాని పేరు టైబ్రేక్. రెండు సాయంత్రాల్లో అలవాటైపోతుంది.

మే నెల ఎండలో ఎలా ఆడతారు? వానలప్పుడు?

మే నెలలో తెలివైనవాళ్లు పొద్దున ఐదున్నరకు దిగి ఏడున్నరకల్లా బయటపడతారు. సాయంత్రం ఆరు దాటితే గానీ సింథటిక్ కోర్టు వేడి దిగదు, పగలంతా కాగిన నేల బూటు లోపలికి తెలుస్తుంది. సముద్రపు గాలి తిరిగిన సాయంత్రం మాత్రం వేరు, నెల్లూరైనా ఒంగోలైనా ఆ గాలి వచ్చిందంటే లైట్లు ఆపేదాకా ఎవరూ ఇంటికి కదలరు. నీళ్లతో పాటు ఉప్పు, చక్కెర కలిపిన మజ్జిగో, ఓఆర్ఎసో పెట్టుకోండి. తలనొప్పి, వికారం, చెమట ఆగిపోవడం కనపడితే పాయింటు మధ్యలో ఉన్నా వదిలేసి నీడకు వచ్చేయండి.

మన వైపు అసలు ఆట చెడగొట్టేది ఎండ కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. వాయుగుండం ఒకటి పట్టిందంటే మట్టి కోర్టు రోజుల తరబడి ఆరదు. ఆరాక కూడా వెంటనే ఆడనివ్వరు, కోర్టు మనిషి పైన పేరుకున్న నీళ్లు గోనె సంచులతో తుడిచి, మట్టి జల్లి, రోలర్ లాగి, దారం కట్టి సున్నంతో గీతలు వేసేసరికి ఇంకో పూట పోతుంది. ఆ లోపు బూట్లతో తొక్కి గుంటలు చేసినవాడి మీద ఆయన అరుపులు రోడ్డు దాకా వినిపిస్తాయి. మానేసేవాళ్లు ఎక్కువమంది మానేసేది ఈ నెలల్లోనే, అలవాటు తెగిపోయి. కోర్టు లేకపోయినా ఆ నలుగురూ టీకొట్టు దగ్గరైనా కలుస్తుండే బ్యాచ్‌లు జనవరిలో మళ్లీ నిండుగా కనిపిస్తాయి.

ఇంట్లో గొడవవుతోంది, "పనీపాటా లేదా" అంటున్నారు.

వాళ్ల వైపు న్యాయం కూడా కొంత ఉంటుంది. ఆదివారం పొద్దున ఒక్క సెట్ అని చెప్పి వెళ్లి తొమ్మిదిన్నరకు చేపల మార్కెట్టుకు పోతే మంచి కొరమీను ఎక్కడ మిగులుతుంది? చెప్పిన టైముకి ఇంట్లో ఉండండి, సగం గొడవ తగ్గుతుంది. ఆట గంటే, దాని తర్వాత టీకొట్టు దగ్గర పోయేది ఇంకో గంట, ఇంట్లోవాళ్లకు కోపం ఆ రెండో గంట మీద. వారంలో కొన్ని రోజులు మీవి, కొన్ని రోజులు వాళ్ల వాకింగ్‌కో యోగాకో అని పంచుకున్న ఇళ్లలో ఈ మాట అసలు రాదు.

## అలవాటు పడ్డాక

ఓడిపోతే రాత్రి నిద్రపట్టట్లేదు, మామూలేనా?

మామూలే. ఆటను సీరియస్‌గా తీసుకుంటున్నారని అర్థం. కాకపోతే ఒకటి చూసుకోండి: ఓడిపోయినందుకా, ఫలానా మనిషి చేతిలో ఓడిపోయినందుకా? ఆఫీసులో మీ కింద పనిచేసే కుర్రాడు కోర్టులో మిమ్మల్ని 6–1 కొడితే తట్టుకోలేనివాళ్లను చూశాను, వాళ్లు మెల్లగా ఆ కుర్రాడు రాని టైము చూసుకుని రావడం మొదలుపెడతారు. ఇంకా విచిత్రం, కొందరు కుర్రాళ్లు సారు మీద కావాలని ఓడిపోతారు. సారుకి తెలియదనుకుంటారు, సారుకి తెలుసు. అలాంటి ఆట ఇద్దరికీ దండగ.

గెలుపోటములు మరీ మనసుకి పడుతుంటే జంటలు మారుస్తూ ఆడండి. ప్రతి సెట్‌కీ పార్ట్‌నర్ మారితే నిన్న ఎవరు గెలిచారో ఎవరికీ గుర్తుండదు.

బంతి లోపలా బయటా అని రోజూ గొడవే. రూలేంటి?

అంపైర్ లేనప్పుడు నెట్‌కి మీ వైపు పడ్డ బంతి సంగతి మీరే చెప్పాలి, అవతలివైపు పడ్డది వాళ్లు చెప్పాలి. అనుమానం ఉంటే బంతి లోపల పడ్డట్టే, పాయింటు ఎదుటివాళ్లది. గీతకు కొంచెం తగిలినా లోపలే. మట్టి కోర్టులో అచ్చు చూసుకోవచ్చు, సింథటిక్ మీద ఆ సౌకర్యం లేదు. బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నవాళ్ల తీర్పు మాత్రం అడగకండి, వాళ్లు బంతి తప్ప అన్నీ చూస్తుంటారు. పదే పదే దొంగ కాల్స్ చెప్పే మనిషి ఒకడు ప్రతి కోర్టులోనూ ఉంటాడు, వాడితో వాదించి గెలిచినవాళ్లు లేరు, తర్వాతి సెట్‌లో వాడిని మీ పార్ట్‌నర్‌గా వేసుకోండి.

మోచేయి బయటివైపు నొప్పి, కాఫీ గ్లాసు ఎత్తినా లాగుతోంది. టెన్నిస్ ఎల్బోనా?

లక్షణాలు అలాగే ఉన్నాయి, ఖాయం చేయాల్సింది డాక్టరు. నలభైల్లో ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది, టెన్నిస్ ఆడనివాళ్లకూ వస్తుంది. మణికట్టును పైకెత్తే కండరాలు మోచేయి బయటి ఎముకకు అతుక్కునే చోట స్నాయువు దెబ్బతినడం ఇది.

మన ఆటలో కారణాలు చాలావరకు కనిపించేవే. బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా, మణికట్టుతో కొట్టడం. బ్యాట్‌ను పీక నులిమినట్టు పట్టుకోవడం. చేతికి సరిపోని గ్రిప్ సైజు. గట్టి పాలియెస్టర్ గట్స్, అదీ బాగా బిగించి వేయించడం. గట్స్ వేసే అతను టీవీ ఆటగాళ్ల పేరు చెప్పి పాలియెస్టర్ అంటగడతాడు, మీరు సన్న పోగులు పేనిన మెత్తటి మల్టీఫిలమెంట్ అడగండి, బిగింపు 50 పౌండ్ల లోపు పెట్టమనండి. తడిసి బరువెక్కిన పాత బంతులు పక్కన పడేయండి. బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో కొట్టడం నేర్చుకుంటే సగం భారం తగ్గుతుంది. నొప్పి మాత్ర వేసుకుని ఆడేయడం అన్నిటికన్నా చెడ్డది. చాలామందికి కొన్ని నెలల్లో, కొందరికి ఏడాదికి తగ్గుతుంది, మధ్యలో ఫిజియో చెప్పే కండరాల వ్యాయామం విసుగొచ్చినా మానకూడదు.

టోర్నమెంట్లకు వెళ్లాలా?

ఒకసారి వెళ్లి చూడండి. పొరుగూరి కోర్టులో, తెలియని మనిషి ఎదురుగా సర్వీసు చేయడానికి నిలబడితే చేయి ఎలా బిగుసుకుపోతుందో తెలుస్తుంది. కావలి నుంచి, కందుకూరు నుంచి వచ్చినవాళ్లతో పరిచయాలు కలుస్తాయి. నచ్చకపోతే రెండోసారి వెళ్లొద్దు, సరదాగా ఆడేవాళ్లలో ఎక్కువమంది వెళ్లరు, వాళ్ల ఆటకి వచ్చిన లోటేమీ లేదు.

ఆట కన్నా కబుర్లే ఎక్కువైపోతున్నాయి, ఇలా అయితే ఎలా?

గంట ఆటలో బంతి నిజంగా కదిలే సమయం పావు వంతు ఉంటే గొప్ప, ఇది టీవీలో ఆడేవాళ్లకు కూడా వర్తిస్తుంది. మిగతాది నడవడం, బంతి ఏరడం, మాట్లాడుకోవడం. కాబట్టి కొంత సహజమే. సైట్ల రేట్లు, పిల్లల ఇంటర్ మార్కులు, ఎవరి అల్లుడు ఏ దేశం వెళ్లాడు, ఇవి వద్దంటే సగంమంది రారు. మీకు చెమట ముఖ్యమైతే ఒక రోజు అదే ఆలోచన ఉన్న ఇంకొకరితో సింగిల్స్ పెట్టుకోండి, మిగతా రోజులు కబుర్లతో రాజీపడండి. రాజకీయాలు మాత్రం గేటు బయటే వదిలిపెట్టమని చెప్పుకున్న బ్యాచ్‌లు ఎక్కువకాలం కలిసి ఆడాయి.

## ఆసక్తి తగ్గినవాళ్లకి, మానేసి మళ్లీ వద్దామనుకునేవాళ్లకి

ఏడాది ఆడాను, ఇప్పుడు వెళ్లాలనిపించట్లేదు. ఎందుకు?

వచ్చిన పని అయిపోయి ఉండొచ్చు, లేదా ఆట ఒకచోట ఆగిపోయి ఉండొచ్చు. మొదటి ఏడాది నెల నెలకూ తేడా కనిపిస్తుంది, తర్వాత ఆరు నెలలైనా కనిపించదు. అప్పుడు చేతిలో ఒక చిన్న పని పెట్టుకోవాలి, ఈ రెండు నెలలు మొదటిది తప్పితే వేసే రెండో సర్వీసు లోపల పడేయడమో, బంతిని కోసినట్టు కొట్టే స్లైస్ నేర్చుకోవడమో. ఇంకో కారణం ఎక్కువగా చూశాను: రోజూ కలిసి ఆడే మనిషికి బదిలీ అయింది, బ్యాంకుల్లో మూడేళ్లకోసారి అది మామూలే. ఆయన పోయాక ఆట పోయిందనిపిస్తుంది, నిజానికి కోర్టు అక్కడే ఉంది. టైము మార్చి చూడండి, ఉదయం బ్యాచ్ మనుషులు వేరు, వాళ్ల ఆట తీరూ వేరు.

ఇవేవీ కాక ఊరికే విసుగైతే రెండు వారాలు పూర్తిగా మానండి. బలవంతాన వెళ్తే కోర్టులో మొహం చూసి అందరికీ తెలుస్తుంది.

మానేసి నాలుగైదేళ్లయింది, మళ్లీ మొదలుపెట్టాలంటే?

ముందు బీరువా మీది సంచి దించండి. బూట్లు కొత్తవిలా కనిపించినా నమ్మొద్దు, ఏళ్ల తరబడి పెట్టెలో ఉంటే జిగురు ఎండి మొదటి పరుగుకే అడుగు ఊడి వస్తుంది. గట్స్ ఆడకపోయినా బిగింపు వదిలేస్తాయి, కొత్తవి వేయించండి. గ్రిప్ చేతికి జిగురుగా అంటుకుంటుంది, మార్చండి. తెరిచిన డబ్బాలోని బంతులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి, ఇంట్లో పిల్లలకో కుక్కకో ఇచ్చేయండి.

చేతికి ఆట గుర్తుంటుంది, కాళ్లకు ఉండదు, ప్రమాదం అక్కడే. పాత రోజుల్లో అందిన బంతి కోసం కాలు తనంతట తానే ఉరుకుతుంది, పిక్క పట్టేస్తుంది, ముప్పై నుంచి యాభై మధ్య మగవాళ్లలో మడమ వెనకాల ఉండే అకిలిస్ స్నాయువు తెగేది చాలాసార్లు ఇలా ఎప్పుడో ఒకసారి ఆడేవాళ్లకే. అందుకని మొదటి వారం పాయింట్లు లెక్కపెట్టకుండా అరగంట కొట్టుకోండి, తర్వాత డబుల్స్, సింగిల్స్ గురించి నెల దాటాక ఆలోచించండి. దిగే ముందు పది నిమిషాలు నడిచి, పిక్కలు, భుజాలు కదిలించండి.

ఇక పాత బ్యాచ్‌కి ఫోను చేయడం. చాలామందికి ఇదే కష్టంగా ఉంటుంది, ఇన్నాళ్లు కనపడకుండా పోయి ఇప్పుడు ఏ మొహంతో అని. వాళ్లకు అదేమీ గుర్తుండదు, నాలుగోవాడు దొరికాడా లేదా అన్నదే వాళ్ల బాధ. "మళ్లీ మొదలుపెడదామనుకుంటున్నా" అంటే "తప్పకుండా రా అన్నా" అని ఫోను పెట్టేస్తారు. అలా కాకుండా "గురువారం ఆరుంపావుకి మీకు మనిషి తక్కువా?" అని అడగండి.